ఏటి అన్న మిషను

ఆ రోజు మాకిచ్చిన గడువు మధ్యాహ్నం రెండింటి దాకా. రెండింటికి పొద్దుటి షిఫ్టు దిగుతుంది, పాత కంప్యూటరుకు కరెంటు తీసేస్తారు, తీసిన వెంటనే విప్పడం మొదలుపెడతారు. విప్పేవాళ్లు నలుగురు పదకొండింటికే తాళ్లు, పానాలు, చక్రాల బల్ల తెచ్చుకుని వరండాలో గోడకు చేరబడి కూర్చున్నారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. పాపం వాళ్లు చేసిందేమీ లేదు, ఖైనీ నలుపుకుంటూ కూర్చున్నారంతే.

లోపల చల్లటి మిషను గదిలో నా పక్క కుర్చీలో ఒక పెద్దాయన. మా సెక్షన్‌లోనే పనిచేసి రిటైరై రెండేళ్లయింది. రెండు కళ్లకూ శుక్లాలు, మనిషి వస్తున్నాడని తెలుస్తుంది తప్ప ఎవరో తెలియదు. ఆయన ఉండే మాంగో పేట నుంచి బస్సులో నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆయన ఒళ్లో ఒక అట్టపెట్టె, నా ఒళ్లో ఒకటి. రెండింట్లోనూ కార్డులు. అప్పట్లో ప్రోగ్రామంటే కార్డులే. జానెడు పొడవున్న దళసరి కాగితం మీద అక్షరానికో లెక్కన చిల్లులు కొడతారు. ఒక కార్డుకి ఒక వాక్యం. మిషను ఆ చిల్లులు చదువుకుని చెప్పిన పని చేస్తుంది.

ఆ పెట్టెల్లో ఉన్నది మామూలు ప్రోగ్రాము కాదు. ఒక భాష. ఆ పెద్దాయన స్వయంగా తయారు చేసుకున్న తెలుగు భాష. దాన్ని చదవగల మిషను మాకు తెలిసి ఇదొక్కటే. రెండింటి లోగా కార్డులన్నీ ఒక్కసారి తప్పు లేకుండా లోపలికి వెళ్లి టేపు మీదకి ఎక్కితే ఆ భాష మిగులుతుంది. లేకపోతే లేదు.

నేను డెబ్భైల మధ్యలో ఆ కార్ఖానాలో చేరాను, కార్డులు కొట్టే అమ్మాయిగా. మాది ఆ హిందీ ఊళ్లోనే, బర్మామైన్స్ పేట. నాన్న రైల్వేలో షంటింగు పని. మా వాళ్లంతా ఒడిశా సరిహద్దు అవతలి తెలుగు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. వీధిలో హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో మా తెలుగు. ఆ మూడింటినీ కలవకుండా చూసుకోవడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. తెలుగు బడిలో మా పంతులమ్మ గోదావరి వైపు మనిషి. ఎవరైనా ‘ఎల్తాను’ అంటే బల్ల మీద నిలబెట్టి ‘వెళ్తాను’ అని పదిసార్లు అనిపించేది. నేను చాలాసార్లు బల్లెక్కాను. ఎక్కీ ఎక్కీ చివరికి శుభ్రమైన తెలుగు నేర్చుకున్నాను. దాని మీద నాకు కొంచెం పొగరు కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఉద్యోగంలో చేరిన రెండో వారంలో, కొట్టమని నా బల్ల మీదకి ఒక కాగితం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలే, కానీ ఒక్క ముక్కా ఇంగ్లీషు కాదు. కూడబలుక్కుని చదివితే మొదటి వరుసలో ‘సదువు’ అని ఉంది. రెండో వరుసలో ‘సెప్పు’. ఆ కింద ‘ఎల్లు’. నాకు నవ్వాగలేదు. నవ్వుతూ తలెత్తితే ఆ పెద్దాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు.

ఆయన ఫిట్టరుగా చేరి పైకొచ్చిన మనిషి. మెట్రిక్ ఇంగ్లీషులో రెండుసార్లు తప్పాడట. కంప్యూటరు కొత్తగా వచ్చినప్పుడు లెక్కల్లో చురుకని ఆయన్ని శిక్షణకి పంపారు. ఆఫీసర్లు రాసే ఫోర్ట్రాన్ ఆయన బట్టీ పట్టాడు గాని మనసుకు పట్టలేదు. అందుకని ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని, ఏళ్ల తరబడి, తన మాటల్ని మిషను మాటల్లోకి మార్చే ప్రోగ్రాము ఒకటి రాసుకున్నాడు. మిషనుకి తెలిసింది ఇంగ్లీషు అక్షరాలే కనుక ఆ అక్షరాల్లోనే తెలుగు. ఒక్కో మాట ఆరక్షరాలు దాటకూడదు. కార్డు మీది సంగతి తీసుకోమంటే ‘సదువు’. కాగితం మీద అచ్చు వెయ్యమంటే ‘సెప్పు’. ఫలానా వరుసకి పొమ్మంటే ‘ఎల్లు’. దాచిన అంకె తెమ్మంటే ‘అట్రా’. తనకి తెలియని మాట ఎదురైతే ఏమిటని అడగడానికి మిషను అచ్చువేసే మాట కూడా ఆయన పెట్టిందే. ‘ఏటి’.

నేను ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నది ఆ భాషలోనే. కార్డులు కొట్టేవాళ్లని మిషను గదిలోకి రానివ్వరు. కానీ అన్నం బెల్లు కొట్టాక అరగంట ఆయన తలుపు తీసి ఉంచేవాడు. టిఫిను డబ్బా ఓ చేత్తో, నాలుగు కార్డులు ఓ చేత్తో పట్టుకుని దూరేదాన్ని. మొదట ఎక్కాలు అచ్చువేయించాను. తర్వాత క్యాలెండరు. ఇంకా తర్వాత ఆ భాష అంచులు ఎక్కడున్నాయో చూద్దామని కావాలని పిచ్చి మాటలు ఇచ్చేదాన్ని. ‘తిను’ అంటే ‘ఏటి’ అనేది. ‘పాడు’ అంటే ‘ఏటి’ అనేది. ప్రింటరు గడగడా చప్పుడు చేసి ఆ ఒక్క మాటా కక్కేది. ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్లం. ఆ అరగంటే లేకపోతే నేను ఆ ఉద్యోగంలో పిచ్చెక్కిపోయేదాన్ని.

ఆయన రిటైరైన రోజు ఆ రెండు పెట్టెలూ సైకిలు కారేజీకి కట్టుకుని ఇంటికి పట్టుకుపోయాడు. ఆఫీసులో వదిలితే చిత్తుకాగితాల్లో పోతాయని భయం. రెండేళ్లకి, ఎనభైల మొదట్లో, కొత్త కంప్యూటరు వచ్చింది. దానితోపాటు కొత్త మేనేజరు. కుర్రవాడు, తెలుగువాడే, డెల్టా జిల్లాల మనిషి. మొదటి రోజు ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతూ నోరు జారి నేను ‘ఏటి’ అంటే పక్క బల్ల నుంచి తలెత్తి చిన్నగా నవ్వాడు. పెద్ద విషయమేం కాదు. నేను మాత్రం మరిచిపోలేదు.

పాత మిషను తీసేస్తారని తెలిశాక ఆ మేనేజర్నే వెళ్లి అడిగాను. ఒక భాష ఉంది, పాడైపోతుంది, టేపు మీదకి ఎక్కించుకోనివ్వండి, కొత్త మిషను టేపుల బీరువాలో ఒక మూల పెట్టండి అని. ఆయన కాదనలేదు. ఆఖరి రోజున రెండున్నర గంటలిస్తానన్నాడు. అయితే తప్పుల్లేకుండా మొత్తం నడవాలి, సగంసగం సరుకు బీరువాలో పెట్టనన్నాడు. నడిచిన కాగితం తనకి చూపించాలని కూడా అన్నాడు.

ఆ మాట దగ్గరే నా బుద్ధి గడ్డి తింది.

మాంగోలో పెద్దాయన ఇంటికి వెళ్లి పెట్టెలు తెరిచేసరికి మొదటిది బాగుంది. అందులో ఉన్నది అసలు తర్జుమా చేసే ప్రోగ్రాము. అంతా అంకెల్లో ఉంటుంది, చూసి చదవడానికి వీల్లేదు. ఆ భాషకి ఏ మాటలు తెలుసో అదంతా ఆ చిల్లుల్లోనే ఉంది. రెండో పెట్టెలో ఆ భాషలో రాసిన ప్రోగ్రాములు. ఆ పెట్టె మీదికి వానకాలమంతా ఇంటికప్పు కారింది. కార్డులు ఉబ్బి అప్పడాలయ్యాయి. అడుగున ఉన్నవి ముద్దయ్యాయి. ఉబ్బిన కార్డు మిషనులో ఇరుక్కుంటుంది, కనుక మళ్లీ కొట్టాలి. ఆయన పెట్టె అడుగు తడిమి చూసి, నువ్వు కొడతావుగా, ఇంకేటి బెంగ అన్నాడు.

వారం రోజులు సాయంత్రం డ్యూటీ దిగాక ఓ గంట ఉండి కొట్టాను. కొడుతూ కొడుతూ, ఈ కాగితం ఆ మేనేజరు చూస్తాడు కదా అనుకున్నాను. ‘సదువు’ అని చూస్తాడు. ‘సెప్పు’ అని చూస్తాడు. చూసి మళ్లీ ఆ నవ్వు నవ్వుతాడు. పెద్దాయన్ని చూసి నవ్వుతాడని నాకు నేను చెప్పుకున్నాను. ‘ఎల్లు’ బదులు ‘వెళ్లు’ కొట్టాను. ‘సెప్పు’ని ‘చెప్పు’ చేశాను. ‘అట్రా’ తీసి ‘తే’ పెట్టాను. ‘చదువు’ ఇంగ్లీషులో ఏడక్షరాలవుతుంటే ఒక అక్షరం మింగి ఎలాగో పట్టించాను. ఆయనకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. తడిసిన పాత కార్డులు ఇంటికి తెచ్చి పెరట్లో ఎండబెడితే మా అమ్మ బొగ్గుల పొయ్యి రాజెయ్యడానికి వాడేసింది. పాడైన కార్డులు మా వీధిలో అందరూ అలాగే వాడేవాళ్లు, నేనూ వద్దనలేదు.

పదకొండున్నరకి మొదలుపెట్టాం. మొదటి పెట్టె గలగలా లోపలికి పోయింది. పచ్చ దీపం వెలిగింది. ఆ చప్పుడు వింటూ పెద్దాయన ఒళ్లో చేతులు పెట్టుకుని తల ఊపాడు. నేను రెండో పెట్టె ఎత్తి పెట్టి మీట నొక్కాను.

మూడో కార్డుకి ప్రింటరు కదిలింది. ఏటి. నాలుగో కార్డుకి ఏటి. ఆ తర్వాత గుక్క తిప్పుకోకుండా ఏటి, ఏటి, ఏటి. కాగితం మడతలు మడతలుగా నేల మీదికి దిగుతోంది. ఎర్ర దీపం వెలిగి మిషను ఆగిపోయింది.

“ఏటంటందమ్మా?” అన్నాడాయన.

“ఏటి అంటంది” అన్నాను.

ఫోన్లో నోరు జారిన ఆ ఒక్కసారి తప్ప, నా నోట ఆఫీసులో ఆ మాట అన్నేళ్లలో అదే మొదటిసారి రావడం. తెలిసిన సంగతే, దిద్దే ధ్యాసలో తట్టలేదు, అన్నాక అర్థమైంది. మిషను పాడవలేదు. కార్డులు ఇరుక్కోలేదు. మొదటి పెట్టెలోంచి అది నేర్చుకున్నది ఆయన మాటలు. దానికి ‘వెళ్లు’ తెలియదు, దానికి ‘ఎల్లు’ తెలుసు. నన్ను బల్లెక్కించిన పంతులమ్మ పని నేను ఆ మిషనుకి చేశాను. అది మాత్రం బల్లెక్కనంది.

చప్పుడు విని మేనేజరు గాజు తలుపు తోసుకుని వచ్చాడు. నేలమీది కాగితం ఎత్తి చూశాడు. నవ్వలేదు. గడియారం చూసుకుని, ఏం జరిగిందండీ అన్నాడు. పెద్దాయన కూడా నా వైపే ముఖం తిప్పాడు. అబద్ధం చెప్పొచ్చు. చిల్లులు సరిగా పడలేదనొచ్చు. కానీ పెద్దాయన సాయం లేకుండా ఆ మాటలు మళ్లీ కూడేది ఎలా? ఆఫీసులో ఆయన్ని ఎప్పుడూ సార్ అనేదాన్ని. ఆ నిమిషం ఆ మాట నోటికి రాలేదు.

“బాబాయ్, నేను మీ మాటలు దిద్దీసినాను. ఎల్లుని వెళ్లు సేసీసినాను. అన్నీ అలాగే సేసినాను” అన్నాను.

“ఎందుకు?”

“సిగ్గేసింది.”

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు.

“నన్ను సూసి సిగ్గా, నిన్ను సూసుకుని సిగ్గా?” అన్నాడు.

రెండూ అన్నాను. ఆయన తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. టైమెంత అని అడిగాడు. పన్నెండు కావస్తోందన్నాను. సరే పద, కొట్టేద్దాం అని లేచి, దారి తెలియక చెయ్యి గాల్లోకి చాచాడు.

కార్డులు కొట్టే మిషను పక్కన ఆయనకి స్టూలు వేశాను. మార్చాల్సినవి తొంభై దాకా ఉన్నాయి. మిగతా వరుస మిషను నకలు తీసుకుంటుంది, ఒక్క మాట చేత్తో కొడితే చాలు. ‘ఎల్లు’, ‘సదువు’, ‘సెప్పు’ నాకు నోటికొచ్చినవే. పుట్టినప్పటి నుంచి వింటున్నవి, వాటికి ఎవరి సాయం అక్కర్లేదు. చిక్కంతా తడిసి ముద్దయి, చిల్లులు పూడిపోయి, నేను ఊహించి కొట్టినవాటితో. అవి ఓ పన్నెండున్నాయి. ఒక్కోటీ ఏం చెయ్యాల్సిన వాక్యమో చదివి వినిపిస్తే ఆయన మాట చెప్పాలి.

మేనేజరు అక్కడే నిలబడి ఉన్నాడు. అందుకో ఏమో, పెద్దాయన మర్యాద తెలుగులోకి దిగాడు. రెండంకెలు పోల్చి పెద్దది తియ్యమనడానికి ఏం పెట్టారంటే గొంతు సవరించుకుని, అధికము అని ఉండవచ్చును అన్నాడు. నాకు తల బాదుకోవాలనిపించింది. నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, బాబాయ్, మీ ఇంట్లో పెద్ద చేప ఏదో తియ్యమంటే పిన్నితో ఏటంటారు అన్నాను. పెద్ద సేప అంటానమ్మా, ఇంకేటంటాను అన్నాడు. ‘పెద్ద’ అని కొట్టాను. ఒకటి పక్కన వదిలెయ్యమంటే? ఒగ్గీ. కొట్టాను. మళ్లీ మొదటి నుంచి చెయ్యమంటే? మల్లీ. కొట్టాను. అలా ఒక్కొక్క మాటా ఆయన నోట్లోంచి వచ్చింది. నా వేళ్లు ఆ మిషను మీద జీవితంలో అంత వేగంగా కదిలింది లేదు. అప్పుడప్పుడు తలెత్తితే గాజు తలుపవతల నలుగురూ లేచి నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఒకడు తలుపు సందులోంచి, దీదీ, ఔర్ కిత్నా టైమ్, ఇంకెంతసేపని అడిగాడు. మేనేజరే వెళ్లి, దో బజే బోలా థా, దో బజే, రెండంటే రెండేనని చెప్పి వచ్చాడు. ఆయన మీద అంతకుముందున్న కోపంలో కొంత అప్పుడే పోయింది.

ఒంటిగంటా ముప్పావుకి రెండో పెట్టె మళ్లీ ఎక్కించాను. మీట నొక్కి కళ్లు మూసుకున్నాను. గలగలా పోతోంది. ప్రింటరు పలకలేదు. సగం పోయింది. ప్రింటరు పలకలేదు. ఆఖరి కార్డు దగ్గర ఆగి, ఒకే ఒక్కసారి, ఏటి.

అది పెట్టె అట్టకి అంటుకుపోయి, పీకితే ముక్కలైపోయిన కార్డు. అందులో ఏముందో నేను చూడనే లేదు, నా ప్రోగ్రాములకి దానితో ఎప్పుడూ పని పడలేదు. ఆఖరిది కనుక ‘అంతం’ అని కొట్టాను. ఆ మాట పడితే తప్ప మిషను చదివిందంతా టేపు మీదకి రాయదు. ఒక్క మాట.

“ఆఖర్ని ఏటెట్టారు బాబాయ్?”

ఆయన ముఖం తెల్లబోయింది. గుర్తు లేదన్నాడు. పదిహేనేళ్ల కిందటి మాట, ఒకసారి పెట్టాక మళ్లీ తలచుకునే పని లేదు, కార్డు ఎప్పుడూ పెట్టె అడుగునే ఉండేది. మొదటి పెట్టెలో అంకెల్లో వెతకొచ్చు, పూట పడుతుంది. ‘అయింది’ కొట్టాను. ఏటి. ‘ఆగు’. ఏటి. ‘సాలు’ అయ్యుంటదేమో అన్నాడు. ఏటి. ‘ఆపు’, ‘ఉండు’, ‘సరే’. ఏటి, ఏటి, ఏటి. గోడ గడియారంలో రెండింటికి ఏడు నిమిషాలు తక్కువ. కావాలని పిచ్చి మాటలిచ్చి ఆ జవాబు విని నవ్వుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఇప్పుడు ఆ మాట వింటే చెవులు మూసుకోవాలనిపించింది.

పెద్దాయన లేచాడు. ఒగ్గీ తల్లీ, ఇంక సాలు అన్నాడు. ఎవరి మీదా నిష్ఠూరం లేదు ఆ గొంతులో, అదే నాకు భరించరాలేదు. తడుముకుంటూ వెళ్లి మిషను పక్క రేకు మీద చెయ్యి పెట్టాడు. రోజూ డ్యూటీ దిగేటప్పుడు అలా పెట్టడం నేనెరుగుదును. రెండుసార్లు తట్టి, గుమ్మం వైపు తిరుగుతూ, ఇంట్లోంచి బయల్దేరే మనిషి అన్నట్టే అన్నాడు.

“వత్తా మరి.”

మా వాళ్లెవరూ పోతున్నామని చెప్పి గుమ్మం దాటరు. పోయేటప్పుడు వస్తాననే అంటారు. బాబాయ్ ఆగండి అని అరిచాను. ఒక్క కార్డు లాగి కొట్టాను, అయిదక్షరాలు, ‘వత్తా’. తొందరలో మొదటిసారి తప్పు పడింది. చింపి పారేసి మళ్లీ కొట్టాను. పెట్టాను. నొక్కాను.

పచ్చ దీపం వెలిగింది. గది చివర టేపు చక్రం ఒక్క కుదుపుతో తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. దాని చప్పుడుకి పెద్దాయన గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఎంతసేపు తిరిగిందో నాకు తెలియదు, రెండు దాటింది మాత్రం నిజం, ఎందుకంటే షిఫ్టు బూరా మోగింది. మేనేజరు తలుపుకి అడ్డంగా నిలబడి లోపలికి ఎవరినీ రానివ్వలేదు.

చక్రం ఆగాక, మేము ఎదురుచూడకుండానే, ప్రింటరు ఇంకోసారి కదిలింది. కాగితం మీద ఒక్క మాట పడింది. ఆయన వెనక్కి వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

“మళ్లీ ఏటంటంది?”

ఆయనకి కనపడదు. మేనేజరు నా వెనకే ఉన్నాడు, విప్పేవాళ్లు గుమ్మంలో ఉన్నారు. నేను ఆ మాటని దిద్దకుండా, అది అచ్చుపడినట్టే, అందరికీ వినబడేట్టు చదివాను.

“ఎల్లిరా అంటంది, బాబాయ్.”

ఆయన ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, కనపడకపోయినా, కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. అప్పుడు మేనేజరు తలుపు దగ్గర్నుంచి పక్కకి జరిగాడు. ఆ నలుగురూ లోపలికొచ్చి, కరెంటు తీశారు.